అన్ని టెస్టులూ పచ్చగానే ఉన్నాయి

జూలై 1, మంగళవారం

పొద్దున ఏడూ నలభైకి ఫోన్. కోటేశ్వరమ్మ గారు. రేపల్లె అవతల రెండు రొయ్యల చెరువులు చూసుకునే ఆవిడ.

"అమ్మాయ్, దక్షిణం చెరువులో రొయ్యంతా తేలిపోయిందే. మీ ఫోను రాలేదు."

గొంతులో ఏడుపు లేదు. ఉంటే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేదాన్ని.

నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే గట్టు మీది మా పెట్టె కనిపెట్టాలి. తెనాలిలో మా సర్వర్‌కి చెప్పాలి. సర్వర్ ఆవిడకి ఫోన్ చేయాలి. ఆవిడ వెళ్ళి నీళ్ళలోకి గాలి చిమ్మే ఏరేటర్లు తిప్పుకోవాలి. మా ఆఫీసులో ఐదుగురం పొద్దస్తమానం కూర్చుని చేసేది ఇదొక్కటే. అది జరగలేదు.

ఆఫీసుకి వెళ్ళగానే గోడ మీది స్క్రీన్ చూశాను. కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసే పదకొండు వందల టెస్టులు. అన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఎర్రగా లేదు.

ఇంకోటి. రాయాలనిపించడం లేదు, అందుకే రాస్తున్నాను. ఫోన్లో నేనన్న మొదటి మాట: "ఫోన్ సైలెంట్‌లో ఉందేమో చూడండి పిన్నిగారూ." ఆలోచించకుండా అనేశాను. ఆవిడ, "ఉందేమోనమ్మా... నాకంత తెలవదు కదా" అన్నారు.

జూలై 2, బుధవారం

సర్వర్ తను చేసిన ప్రతి పనీ రాసుకునే చిట్టా అంతా చదివాను. ఆ తెల్లవారుజామున ఆవిడ నంబరుకి ఒక్క కాల్ కూడా వెళ్ళలేదు. మోగని ఫోన్ సైలెంట్‌లో ఉంటేనేం, లేకపోతేనేం.

ప్రసూన మేడంకి చూపించాను. కంపెనీ ఆవిడదే, ముందు ఆవిడకే చెప్పాలి. "కారణం తెలిశాక ఒకేసారి చెబుదాం మాధవీ. సగం సగం చెబితే అందరూ భయపడతారు" అన్నారు.

సరే అన్నాను. అప్పటికి సబబుగానే అనిపించింది.

జూలై 3, గురువారం

సర్వర్ కోడ్ రాసేది రఫీ. నాకంటే ఏడేళ్ళు చిన్న, అక్కా అంటాడు. పొద్దుటి నుంచీ ముఖం ముడుచుకుని ఉన్నాడు. "నా కోడ్‌లో తప్పుంటే ఏదో ఒక టెస్టు ఎర్రబడాలి కదక్కా" అంటాడు. నిజమే. పడాలి.

మధ్యాహ్నం అన్నం తిన్నాక వాడి టెస్టులు ఒక్కొక్కటే తెరిచి చదివాను. వాటిలో ఎక్కడా పెట్టె లేదు. పెట్టెలా మాట్లాడే నాలుగు లైన్ల కోడ్ ఉంది. పిలిచీ పిలవగానే పలుకుతుంది, ఎప్పుడూ ఆలస్యం చేయదు. తర్వాత బాపట్లలో పెట్టెలు చేసే సాంబశివరావు మాస్టారి టెస్టులు తెరిచాను. అక్కడ సర్వర్ లేదు. ఏం పంపినా "అందింది" అనే ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి.

ఇద్దరూ లేని మనిషితో మాట్లాడుకుని, బాగా మాట్లాడాం అనుకుంటున్నారు.

నాలుగేళ్ళుగా ఇక్కడ టెస్టర్‌ని నేను. నిజం నీళ్ళ దగ్గర మొదలుపెట్టి, నిజం ఫోన్ మోగే దాకా ఒక్కసారైనా వెళ్ళి చూశానా? లేదు. అలా చూస్తే ఏం కనబడుతుందో... రాత్రి అన్నం పెడుతున్నా అదే ధ్యాస.

జూలై 5, శనివారం

బాపట్ల. సూర్యలంక రోడ్డులో మాస్టారి షెడ్డు. కాలేజీ ల్యాబులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. పురికొసకి కూడా లేబుల్ రాసి అంటిస్తారు.

"మీ పెట్టె తప్పు చేస్తే ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

"నా పెట్టె తప్పు చేయదమ్మా."

"రఫీ కూడా అదే అంటున్నాడండి."

నవ్వలేదు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు అన్నారు. "సరే. నీళ్ళు చెడగొట్టాలంటే చెప్పు, అది నాకు బాగా వచ్చు." అలమరలోంచి తెల్ల పొడి తీశారు. సోడియం సల్ఫైట్. చెంచాడు వేస్తే బక్కెట్టు నీళ్ళలో ఆక్సిజన్ మాయమట. కొత్త పెట్టె ఒకటి, ఆక్సిజన్ కొలవడానికి నీళ్ళలో ముంచే గొట్టం ఒకటి ఇచ్చారు. "గొట్టం జాగ్రత్త. పొడి నాలిక మీద పెట్టుకోమాక."

తిరుగు బండిలో ఒళ్ళో తెల్ల పొడి పొట్లం పెట్టుకుని కూర్చున్నాను. నిడుబ్రోలులో ఎక్కినావిడ పొట్లాన్నే చూస్తోంది. ముగ్గుపిండి అన్నాను.

జూలై 8, మంగళవారం

ఆఫీసు మేడ మీద. నీలం డ్రమ్ము సగానికి కోయించి నీళ్ళు పోశాం. గొట్టం నీళ్ళలో, పెట్టె కుర్చీ మీద, కోటేశ్వరమ్మ గారి ఫోన్ బదులు నా పాత ఫోన్ పిట్టగోడ మీద. డమ్మీలు లేవు. అన్నీ నిజంవే.

పొడి వేశాను. పెట్టె మీద ఆక్సిజన్ అంకె ఆరూ ఎనిమిది... ఐదు... మూడూ రెండు... ఒకటి. అంకెలు దిగుతున్నాయి. ఆ చెరువులోనూ ఇలాగే దిగి ఉంటాయి.

రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

రఫీ చప్పట్లు కొట్టాడు. మేడం కూడా మెట్లెక్కి వచ్చి చూశారు. నాకొక్కదానికే నీరసం వచ్చింది. మోగిందంటే, ఆ రోజు ఎందుకు మోగలేదో నాకింకా తెలియనట్టే కదా.

జూలై 9, బుధవారం

సిగ్నల్ పోయి ఉంటుందా? పోగొట్టి చూద్దాం.

ఇంట్లో స్టీలు బియ్యం డబ్బా ఖాళీ చేశాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఆఫీసులో వంట మొదలెట్టారా ఏంటే?" అన్నారు. సంగం జాగర్లమూడి నుంచి తెనాలి దాకా ఒళ్ళో డబ్బా.

పెట్టెకి వంటింటి అల్యూమినియం కాగితం చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించాం. సిగ్నల్ పోయింది. నీళ్ళు చెడగొట్టాం. అరగంటకి ఫోన్ మోగింది. "మీ పెట్టె పలకడం లేదు, చెరువు చూసుకోండి" అని. ముప్ఫై నిమిషాలు మౌనంగా ఉంటే అలా చేయాలని రఫీ ఎప్పుడో రాశాడట. మంచి పని.

ఇదీ కాదు. మరేంటి?

జూలై 11, శుక్రవారం

రేపల్లె. పొద్దుటి పాసింజర్. భట్టిప్రోలు దాటగానే చినుకులు. స్టేషన్ నుంచి ఆటోలో ముప్పావుగంట. ఊళ్ళో వాళ్ళ ఇల్లు, అక్కడికి రెండు కిలోమీటర్లలో చెరువులు.

దక్షిణం చెరువు ఖాళీగా ఉంది. అడుగు బురద మీద సున్నం చల్లారు. నేను వాసన భరించలేనేమో అనుకున్నాను. సున్నం వాసన తప్ప ఏమీ లేదు. ఉత్తరం చెరువులో రొయ్య పిల్ల పలచగా వదిలారు కాబట్టి అది బతికిందట.

కోటేశ్వరమ్మ గారు చీర కుచ్చిళ్ళు దోపుకుని గట్టు మీద నడుస్తూ మాట్లాడుతున్నారు. మేత ఎంత వేయాలో, నీళ్ళ రంగు ఎప్పుడు మారుతుందో, అన్నీ ఆవిడకే తెలుసు. కూలీలూ ఆవిడ్నే అడుగుతున్నారు.

"మీ ఫోన్ ఒకసారి చూడొచ్చా పిన్నిగారూ?"

"నా కాడ లేదమ్మా. ఆయన తీసుకున్నారు. నేను సైలెంట్‌లో పెట్టి పడుకున్నానని నువ్వన్నావుగా, అది చెప్పాను. ఇహ నీకెందుకులే అని ఆయన నంబరే రాయించుకున్నారు." కోపం లేదు ఆ మాటలో. "నిజమేలే. నాకు ఆ బొత్తాలు తెలవవు."

నేను పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాను. చెప్పలేదు. మేడం చెప్పొద్దన్నారు, కారణం ఇంకా తెలియదు... ఈ రెండూ లోపల చెప్పుకున్నాను. చెప్పలేదు.

నా ఫోన్ తీశాను, చేతులు ఊరికే ఉండలేక. సిగ్నల్ ఒక గీత ఉంది. చూస్తుండగానే పోయింది. చాలాసేపటికి మళ్ళీ ఒక గీత వచ్చి నిమిషంలో పోయింది.

"ఇక్కడ ఇంతేనా అండీ?"

"మబ్బు పట్టి కరెంటు పోయిన రోజున ఇంతేనమ్మా. టవరు వస్తా పోతా ఉంటది. పావుగంటకోసారి కాస్త పలుకుద్ది. ఇంటి కాడ బానే ఉంటది."

"ఆ రోజు కూడా కరెంటు పోయిందా?"

"జనరేటరు ఉండాది కదా అని నేను గమ్మునున్నా. మీ ఫోనొస్తే వెళ్ళి వేద్దామని."

పావుగంటకోసారి. మేము అరగంట పాటు సిగ్నల్ పూర్తిగా తెంపాం. వస్తూ పోతూ ఉంటే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

జూలై 12, శనివారం

"మీ తప్పు కాదండి." మూడు మాటలు. గట్టు మీద నిలబడి మింగి వచ్చాను.

జూలై 14, సోమవారం

దొరికింది.

పొద్దున పది నుంచి మేడ మీదే. పెట్టె డబ్బాలో పెట్టి, పావుగంట మూత, ఒక్క నిమిషం తెరవడం, మళ్ళీ మూత. చేత్తోనే. రఫీ గడియారం పట్టుకున్నాడు. నీళ్ళలో పొడి. అంకెలు నాలుగు, మూడు, రెండు, ఒకటి.

పదకొండు. పదకొండున్నర. పన్నెండు. ఫోన్ గోడ మీద అలాగే పడి ఉంది.

రఫీ ముందు ఫోన్ చార్జింగ్ చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

కిందికి పరుగెత్తి చిట్టా తెరిచాం. సిగ్నల్ లేనప్పుడు పెట్టె రీడింగులు దాచుకుంటుంది. దొరికిన నిమిషంలో దాచిన వాటిలో అన్నిటికంటే పాతవి ముందు పంపుతుంది. మాస్టారు అలా చేశారు, ఏదీ పోకూడదని. సర్వర్ ఏమో పాత రీడింగు వస్తే పక్కన పడేస్తుంది. పాత సంగతికి ఇప్పుడు ఫోన్ చేసి రైతుని పరిగెత్తించకూడదని. కొత్తవి పంపేలోగా సిగ్నల్ పోతుంది. పోనీ పెట్టె పలకడం లేదని ఫోన్ చేస్తుందా అంటే, పావుగంటకోసారి పలుకుతోంది కాబట్టి అదీ చేయదు.

మాస్టారికి ఫోన్ చేశాను. అంతా విన్నారు. "నాది సరిగ్గానే చేసిందిగా." రఫీ పక్క నుంచి, "నాదీ సరిగ్గానే చేసింది మాస్టారూ." ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఆ తర్వాత మాస్టారు, "ఆవిడ చెరువు మొత్తం పోయిందా అమ్మా?" అని మాత్రం అడిగారు.

సిగ్గులేకుండా రాస్తున్నాను. దొరికిన ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. అరిచాను కూడా.

జూలై 15, మంగళవారం

పాత రీడింగులు పారేయాలన్న నిబంధన ఎందుకు పెట్టారో వెతికాను. జనవరిలో ఎవరో అడిగితే రఫీ పెట్టాడు. ఆ కోరిక కింద పేరుంది.

మాధవి.

గుర్తొచ్చింది. బాపట్ల దగ్గర ఒకాయన, గంట కిందటి రీడింగుకి ఫోన్ వచ్చిందని విసుక్కున్నారు. ఒక్క రైతు విసుక్కుంటే నాలుగు లైన్లు రాసి పంపాను. దాని వల్ల ఇంకెక్కడేం అవుతుందో అడగలేదు. రఫీ టెస్టు రాశాడు, పచ్చబడింది, నేనే సరే అని గుర్తు పెట్టాను.

రఫీకి చూపించాను. "వదిలెయ్ అక్కా, ఎవరైనా అదే అడుగుతారు" అన్నాడు. పొద్దుటి నుంచీ నన్ను తప్పు పట్టే అవకాశం కోసం చూస్తున్నాడనుకున్నాను. పాపం.

జూలై 16, బుధవారం

మేడంకి అంతా చెప్పాను, నా పేరుతో సహా. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"ఇప్పుడు చెబుదామండి, కోటేశ్వరమ్మ గారికి."

"సరిచేశాక చెబుదాం. తప్పు మాదే, ఇంకా సరికాలేదు అని చెబితే, మిగతా నలభై మంది పెట్టెలు పీకేస్తారు. అప్పుడు వాళ్ళకి ఏ ఫోనూ రాదు. అది మంచిదా?"

ఆవిడన్నదాంట్లో నిజం ఉంది. కానీ కోటేశ్వరమ్మ గారి ఫోన్ ఇంకా వాళ్ళాయన జేబులోనే ఉంది.

జూలై 20, ఆదివారం

ఎవరికీ చెప్పకుండా రేపల్లె బండెక్కాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను. వేమూరు దాకా ఒక రకంగా, అక్కడి నుంచి ఇంకో రకంగా.

భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఆయన వెంకటరత్నం గారు, అరుగు మీద వల బాగుచేస్తున్నారు. కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. తాగకుండానే చెప్పేశాను. ఆ రోజు మా దగ్గర నుంచి ఫోన్ రాలేదు. సైలెంట్‌లో ఉన్నా లేకున్నా ఒకటే. రాకపోవడానికి కారణమైన కోరిక జనవరిలో పెట్టింది నేనే. పిన్నిగారి తప్పు ఇందులో ఏమీ లేదు.

వెంకటరత్నం గారు వల కింద పెట్టారు. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఫోన్ వెళ్ళలేదని మర్నాడే తెలిసిందండి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా? మొన్న వచ్చి గట్టు మీద నిలబడి పోయావంట కూడా."

"చెప్పి ఉండాల్సిందండి."

ఆయన పెద్దగా అరిస్తే బాగుండు అనిపించింది. అరవలేదు. లోపలికి వెళ్ళారు, ఫోన్ తెచ్చారు, ఆవిడ పక్కన అరుగు మీద పెట్టారు.

కోటేశ్వరమ్మ గారు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "మూడు వారాలమ్మా" అన్నారు. "రోజూ అనుకున్నా. బొత్తాం ఎప్పుడు నొక్కుకుపోయిందా అని."

మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టేశాను.

లేచి వస్తుంటే గేటు దాకా వచ్చి అడిగారు. "పెట్టె ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" ఉంచండి, కానీ సరిచేసి నేను చెప్పే దాకా మబ్బు పట్టిన రోజు దాన్ని నమ్ముకోవద్దు, మీరే వెళ్ళి చూసుకోండి అన్నాను. "ఆ మాట ముందు చెప్పినా సరిపోయేది" అన్నారు.

జూలై 21, సోమవారం

రేపల్లె వెళ్ళి చెప్పొచ్చానని మేడంకి నేనే చెప్పాను. ఆవిడ మాట్లాడలేదు. టీ టైంకి కూడా.

జూలై 22, మంగళవారం

మాట్లాడలేదు.

జూలై 23, బుధవారం

మధ్యాహ్నం తలుపు తీసి ఉంది, మేడం గొంతు వినపడింది. ఒక్కొక్క రైతుకీ ఫోన్ చేస్తున్నారు. "అవునండి, మా తప్పేనండి... మబ్బు రోజుల్లో కాస్త మీరే చూసుకోవాలండి... పది రోజులండి." నలభై మందికీ చెప్పేసరికి ఐదున్నర. ఇద్దరు పెట్టెలు తీసేయమన్నారట. ఇద్దరే.

వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గర ఆగారు. "నాకు చెప్పి వెళ్ళాల్సింది" అన్నారు. "చెబితే ఆపేదాన్ని, అది వేరే సంగతి."

జూలై 25, శుక్రవారం

సరిచేయడం రెండు రోజుల పని. పెట్టె ఇకపై కొత్త రీడింగు ముందు పంపుతుంది. వచ్చింది పాతదైనా, అంకె తక్కువగా ఉండి తర్వాతది రాకపోతే సర్వర్ ఫోన్ చేస్తుంది. రఫీ, మాస్టారు ఫోన్లో గంటన్నర మాట్లాడుకున్నారు. రెండేళ్ళలో వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదలు.

కానీ మేడ మీది పరీక్ష రోజూ నేను చేత్తో చేయలేను కదా. డబ్బా మూత తీసి పెట్టి, తీసి పెట్టి మోచెయ్యి నొప్పి. కోడ్ మారినప్పుడల్లా అదంతట అదే జరగాలి. ఎలా?

జూలై 28, సోమవారం

మాస్టారు బాపట్ల నుంచి స్వయంగా వచ్చారు, సంచిలో పాత కారు వైపర్ మోటారుతో.

రెండు తొట్లు. ఒకదాంట్లో మంచి నీళ్ళు, ఒకదాంట్లో పొడి కలిపినవి. వైపర్ చెయ్యి గొట్టాన్ని ఎత్తి ఇందులోంచి అందులోకి మారుస్తుంది. పెట్టె డబ్బాలోనే, యాంటెనా తీగ మాత్రం బయటికి. తీగ మధ్యలో స్విచ్చు. కంప్యూటర్ దాన్ని కలుపుతుంది, తెంపుతుంది, అచ్చం ఆ టవర్లాగా. చివర షెల్ఫ్ మీద ఫోన్. అది మోగితే పచ్చ. మోగకపోతే ఎరుపు. మధ్యలో ఎవరేం చేశారని అడగదు.

గొట్టం గాల్లోకి లేచి, పక్క తొట్లోకి దిగుతుంటే మేమంతా నోరు తెరుచుకుని చూశాం. కింద ఫ్యాన్సీ షాపాయన కూడా వచ్చి చూశాడు. "ఏం వండుతున్నారండీ?" డబ్బా చూసి అందరికీ అదే అనుమానం.

జూలై 30, బుధవారం

రఫీ గొణుగుడు. "నాలుగు నిమిషాల్లో అయ్యేదానికి గంటంబావు ఆగాలా అక్కా?" చివరికి ఒప్పందం: చిన్న టెస్టులు ఎప్పట్లాగే ప్రతి మార్పుకీ. పెద్దది రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నం అన్నాల వేళ, సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు. అది పచ్చబడకుండా ఏదీ చెరువుల మీదికి వెళ్ళకూడదు. మేడం సంతకం పెట్టారు, గోడకి అంటించారు.

ఆగస్టు 1, శుక్రవారం

ఎరుపు. చూస్తే ఎవరో టీ కెటిల్ కోసం ఫోన్ చార్జర్ పీకారు.

ఆగస్టు 4, సోమవారం

మళ్ళీ ఎరుపు. తొట్టి ఖాళీ. ఊడ్చే ఆవిడ పారబోసింది. "పాచి నీళ్ళనుకున్నానమ్మా, దోమలొస్తాయని." ఆవిడదేం తప్పు. తొట్టి మీద ఇప్పుడు మాస్టారి లేబుల్ ఉంది.

రఫీ: "ఇది కోడ్‌ని పరీక్షించడం లేదక్కా, మన ఆఫీసుని పరీక్షిస్తోంది."

ఆగస్టు 6, బుధవారం

ఎరుపు. చార్జర్ ఉంది, నీళ్ళున్నాయి. "మళ్ళీ నడిపిస్తా" అని రఫీ చెయ్యి చాచాడు. ఆగమన్నాను. కాసేపు వాదన. ముందు చూద్దాం, తర్వాత నడుపుదువులే అన్నాను.

నిన్న వాడు ఫోన్ నంబర్లు దాచే పద్ధతి కొద్దిగా మార్చాడు. నంబరు ముందు దేశం కోడ్ తొంభై ఒకటి రెండుసార్లు పడుతోంది. వాడి చిన్న టెస్టులన్నీ పచ్చే, వాటిలో ఉన్న డమ్మీ ఫోన్ ఏ నంబరుకైనా సరే అంటుంది. నిజం ఫోన్ మోగలేదు.

రఫీ, "రేపు ఇది అన్ని చెరువులకీ వెళ్ళిపోయేది" అన్నాడు. మెల్లగా. నేను టీ తెచ్చిచ్చాను.

ఆగస్టు 8, శుక్రవారం

పచ్చ. చెరువులన్నిటికీ పంపాం. కోటేశ్వరమ్మ గారికి ఫోన్ చేసి చెప్పాను. నంబరు మళ్ళీ ఆవిడదే.

"ఇప్పుడు కచ్చితంగా మోగుద్దంటావా?"

"కచ్చితంగా అని చెప్పలేనండి పిన్నిగారూ. రోజుకి రెండుసార్లు ఇక్కడ నీళ్ళు చెడగొట్టి చూస్తున్నాం. ఇక్కడ మోగకపోతే ముందు నాకు తెలుస్తుంది."

"సరే అయితే" అన్నారు. నమ్మారో లేదో తెలియలేదు.

ఆగస్టు 18, సోమవారం

నాలుగు రోజులుగా మబ్బు. మధ్యాహ్నం రెండింటికి కోటేశ్వరమ్మ గారి ఫోన్.

"మోగింది అమ్మాయ్! ఉత్తరం చెరువు, మూడూ ఒకటి అని చెప్పింది. అన్నం మధ్యలో లేచి పోయాం. ఆయన జనరేటరు వేశారు, నేను ఏరేటర్లు తిప్పా. రొయ్య పైకొస్తా ఉంది అప్పటికే. ఇప్పుడు దిగింది. బానే ఉండాది." వెనకాల మోటార్ల హోరు. ఆవిడ నవ్వుతున్నారు.

రఫీకి చెప్పాను, మాస్టారికి చెప్పాను. మేడం లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు.

ఆగస్టు 19, మంగళవారం

రొయ్య అప్పటికే పైకొస్తోంది అన్నారు. ఆ మాట వదలడం లేదు. అప్పటికే ఎందుకు?

చిట్టా తీశాను. రీడింగు సర్వర్‌కి చేరింది పన్నెండూ నలభై ఒకటికి. ఫోన్ చేయాలని తేల్చింది అదే నిమిషంలో. ఆవిడ ఫోన్ మోగింది పన్నెండూ యాభై రెండుకి. పదకొండు నిమిషాలు. మేడ మీద ఎప్పుడూ రెండు దాటలేదు, ఒక్కసారి కూడా.

తొమ్మిది నిమిషాలు ఎక్కడ ఉన్నాయి?

సిగ్నల్ కాదు. ఇంట్లో ఉన్నారు, అక్కడ బాగానే ఉంటుంది. నంబరు సరైనదే. రఫీ, నేను టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాం. వాడే అన్నాడు: "మన షెల్ఫ్ మీద ఒక్కటే ఫోను కదక్కా. నిన్న ఆ మబ్బు కింద ఎన్ని చెరువులున్నాయి?"

నిజాంపట్నం వైపు నుంచి రేపల్లె దాకా ఒకటే మబ్బు. కరెంటూ ఒకేసారి పోయింది. అన్నిట్లోనూ ఆక్సిజన్ ఒకేసారి పడి ఉంటే... సర్వర్ ఒకరి తర్వాత ఒకరికి చేస్తుంది. ఒక ఫోన్ పెట్టేశాక ఇంకోటి. అదీ సరిగ్గా చేసిన పనే.

అలాగే అయిందో లేదో ఇంకా తెలియదు, ఆవిడ ఒక్కరి చిట్టానే చూశాం. లెక్కన ఆవిడ ఆ వరసలో ఐదోవారో ఆరోవారో. ఆవిడ వెనకాల ఇంకా ఉన్నారు. ఆఖరున ఎవరున్నారో, ఎంతసేపు ఆగారో, వాళ్ళ చెరువు ఏమైందో... నిన్నటి నుంచి వాళ్ళలో ఎవరూ ఫోన్ చేయలేదు.

ఒక్కొక్కరికే ఫోన్ చేసి అడుగుదామని, నిన్న ఆ మబ్బు కింద ఉన్న రైతుల జాబితా తెరిచాను. మొదటి పేరు దగ్గర ఆగి, రఫీని కుర్చీ ఇటు జరుపుకోమన్నాను.